తాళం వేసినా ఆగని తుప్పు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో వడ్లలో తేమ ఎంతో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అదే ఊళ్లలో లైసెన్సు తుపాకీ దాచిన ఇనప్పెట్టెలో తేమ ఎంతో అడిగేవారు లేరు. నాలుగు నెలల వానాకాలంలో ఆ పెట్టెలో జరిగేదేమిటి? దాన్ని ఆపడం ఎలా?

కార్తీకంలో కోదాడ చుట్టుపక్కల ఏ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ముందుగా వినపడే మాట ఒకటే: ‘‘తేమ ఎంత వచ్చింది?’’ గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి మీట నొక్కుతారు. 17 శాతం లోపు వస్తే కాంటా. దాటితే మళ్లీ ఆరబోతే. మబ్బు పట్టిన రోజుల్లో ఈ ఒక్క అంకె కోసం రైతు కంటికి కునుకుండదు. పట్టాలు కప్పడం, తీయడం, తిరగబోయడం, మళ్లీ మిషన్ దగ్గరికి పరుగెత్తడం.

అలాంటి ఊళ్లలోనే కొన్ని ఇళ్లలో వెనక గదిలో ఇనప్పెట్టె ఉంటుంది. అందులో తాత పేరు మీది నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి మారిన రెండు గొట్టాల తుపాకీ. లైసెన్సు పుస్తకం ఉంది. తాళం గట్టిది. తాళంచెవి ఎక్కడుందో ఇంటి యజమానికి తప్ప తెలియదు. ఇక భయమేమీ లేదనుకుంటారు. దొంగకు భయపడి వేసిన ఆ తలుపే తేమను లోపల పెట్టి బిగించిందన్న సంగతి చాలామందికి తట్టదు.

తలుపు తీసి చూస్తే...

వానలు వెనక్కి తగ్గి, దసరా దగ్గరపడ్డాక ఆ పెట్టె తెరిస్తే ముందు తగిలేది ముక్క వాసన. తుపాకీ చేతికి తీసుకుని, తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మడత విప్పి, గొట్టాలను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాలి. బాగున్న గొట్టం లోపలంతా వలయాలు వలయాలుగా మెరుస్తుంది. తేమ తిన్న గొట్టంలో ఆ మెరుపు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటాయి. బయటివైపు, పెట్టెలో పరిచిన బనాతు గుడ్డకు ఉక్కు ఆనుకున్న చోట సన్నని ఎర్ర గీత. ట్రిగ్గర్ పైనున్న పలక మీద ఒక బొటనవేలి ముద్ర, గీతలతో సహా, గోధుమ రంగులో. పోయినసారి తుపాకీని పట్టుకుని, తుడవకుండా పెట్టేసిన చేతిది ఆ ముద్ర. చెమటలో ఉప్పుంటుంది. ఉప్పున్న చోట ఉక్కుకు మొదటి దెబ్బ.

ఎర్రపొడిని నూనెగుడ్డతో తుడిస్తే పోతుంది. నల్లచుక్కలు పోవు. అవి మరకలు కావు, ఉక్కులోకి దిగిన గుంటలు. గొట్టంలో గుంటలు పడిన తుపాకీని కాల్చి చూద్దామనుకోవడం ప్రాణాలతో చెలగాటం. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చూసి సరేననే దాకా దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇక్కడ తుపాకులు ఎవరివి?

మనదేశంలో తుపాకీ ఉంచుకోవాలంటే 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. ఆత్మరక్షణకు, క్రీడకు నున్నటి గొట్టం తుపాకీ (గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గకూడదు), నిజమైన పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీ... ఈ రెండింటికీ చట్టంలోని 13వ సెక్షన్ దారి చూపుతుంది. ఈ ప్రాంతంలో సామాన్యుడి కంట పడేది చాలావరకు బ్యాంకు గుమ్మంలో కాపలాదారు భుజానికి వేలాడే ట్వెల్వ్ బోర్. అది కాక పాత భూస్వామ్య కుటుంబాలు, మిల్లర్లు, పెద్ద వ్యాపారులు.

2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. రెండుకు మించి ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలన్నారు. గడువు పెరగడం వల్ల కాగితాల తిప్పట తగ్గింది నిజమే. కానీ కనీసం రెన్యువల్ పేరుతోనైనా తుపాకీని బయటికి తీసి తుడిచేవాళ్లకు ఆ సందర్భం కూడా ఇప్పుడు ఐదేళ్లకోసారే.

2016 ఆయుధ నిబంధనల్లో మరో మాట ఉంది. లైసెన్సు కోరేవాళ్లు తుపాకీని భద్రంగా వాడతామని, భద్రంగా దాస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. భద్రంగా దాచడమంటే ఇతరుల చేతికి అందకుండా ఉంచడమని మాత్రమే అందరూ అర్థం చేసుకుంటారు. తుప్పు పట్టి ట్రిగ్గర్ సరిగా ఆడని తుపాకీ, సేఫ్టీ క్యాచ్ బిగుసుకుపోయిన తుపాకీ ఎంత తాళం వేసినా భద్రమైనది కాదు.

అరవై దాటితే అసలు కథ

ఇనుముకు తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే చాలదు, నీరు కావాలి. నీరంటే చుక్కలుగా కనిపించేదే కానక్కర్లేదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఉక్కు ఉపరితలం మీద కంటికి ఆనని నీటిపొర ఏర్పడుతుంది. ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త వెర్నన్ 1930ల్లో చేసిన ప్రయోగాల్లో ఒక విషయం స్పష్టంగా తేలింది. పొగలోని గంధకపు వాయువు కొద్దిగా ఉన్న గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటేవరకు ఇనుము నింపాదిగా ఉంటుంది. ఆ గీత దాటగానే తుప్పు ఒక్కసారిగా ఊపందుకుంటుంది. అందుకే ఉక్కు వస్తువులు దాచే చోట తేమను 50 శాతం దగ్గర నిలపమంటారు. అంతకంటే మరీ తగ్గితే తుపాకీ కర్ర ఎండి పగులుతుంది.

తుప్పుకు ఇంకో చెడ్డ గుణం ఉంది. అది ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, గుల్లగా ఉంటుంది, తేమను తనలోకి పీల్చుకుంటుంది. అంటే మొదటి చుక్క పడ్డాక రెండో చుక్కకు దారి సుగమం. నెల రోజుల ఆలస్యం కూడా అందుకే ఖరీదైనది.

వింతేమిటంటే పాత తుపాకీ గొట్టాల మీద మనం ముచ్చటపడే ఆ నీలినలుపు కూడా ఒకరకంగా తుప్పే. ఉక్కుకు కావాలని తుప్పు పట్టించి, దాన్ని మరిగే నీళ్లలో ఉడికించి నల్లటి ఆక్సైడుగా మార్చి, పైపొడి గీకేసి, మళ్లీ మళ్లీ అదే పని చేస్తే ఆ రంగు వస్తుంది. ఆ పొర నూనెను పట్టి ఉంచుతుంది. నూనె లేకపోతే ఆ పొర ఒక్కటే ఉక్కును కాపాడలేదు. నల్లగా నిగనిగలాడుతోంది కదా, ఇంకేం అనుకోవడం పొరపాటు.

ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా తుప్పు పట్టలేదు కదా అని అడిగేవాళ్లుంటారు. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ల తరబడి పరిశోధించి, ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరం వల్ల ఉపరితలం మీద రక్షణ పొర కట్టిందని తేల్చారు. తుపాకీ ఉక్కులో అంత భాస్వరం ఉండదు. ఉండకూడదు కూడా, ఉంటే ఉక్కు పెళుసవుతుంది.

కాలువ నీళ్లు, మిల్లు ఆవిరి

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ పేరు పెట్టుకున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల రూపు మార్చేసింది. మెట్ట చేలు వరి మడులయ్యాయి. వరి వెనకాలే మిల్లులొచ్చాయి. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం ఆడే మిల్లుల్లో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెడతారు. ఆ నీరంతా చేరేది గాలిలోకే. ఊక పొయ్యిల పొగ దానికి తోడు. హుజూర్‌నగర్ పక్కన మఠంపల్లి, మేళ్లచెరువు వైపు వెళ్తే సిమెంటు దుమ్ము. దుమ్ము పేరుకున్న ఉక్కు మీద తేమ తొందరగా నిలుస్తుంది. వరి, మిల్లు, సిమెంటు ఈ ప్రాంతానికి అన్నం పెట్టాయి. వాటి నీడలో ఉన్న ఇనుమును కాపాడుకునే పని మనది.

వానాకాలపు పగలు 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నాయనుకోండి. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడితే అది మోయగలిగింది సరిగ్గా అంతే. ఇంకొక్క డిగ్రీ తగ్గిందా, ఎక్కువైన నీరు ఎక్కడ చల్లని ఇనుము దొరికితే అక్కడ మంచులా కూర్చుంటుంది. సాయంత్రం పెట్టె తెరిచి మూసినప్పుడు లోపలికి వెళ్లిన గాలి తెల్లవారుజామున చేసే పని ఇది. ఏసీ గదిలో పెట్టె ఉంటే మరో చిక్కు. చల్లగా ఉన్న తుపాకీని వరండాలోకి తెస్తే క్షణాల్లో చెమర్చుతుంది. దాన్ని అలాగే తీసుకెళ్లి మళ్లీ పెట్టెలో పెడితే తడిని చేతులారా లోపల దాచినట్టే. గది వేడికి రానిచ్చి, తుడిచి, నూనె రాసి పెట్టాలి.

గాలిలో ఉన్న నీటికంటే పెట్టెలోని సరంజామాలో ఉన్న నీరు ఎక్కువ. తుపాకీ కర్ర, బనాతు, అట్టపెట్టెలు, దస్తావేజులు, తోలు సంచి... ఇవన్నీ వానాకాలమంతా తేమ తాగి, నెమ్మదిగా వదులుతాయి. అన్నింట్లోకి తోలు మరీ ప్రమాదం. తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. తుపాకీని తోలు ఒరలో ఉంచి పెట్టెలో పెట్టడం గౌరవంగా కనిపిస్తుంది కానీ ఉక్కుకు అంతకంటే అపకారం లేదు. ఒర బయట, తుపాకీ లోపల ఉండాలి.

నిప్పుకు కాలని రకం సేఫుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. వాటి గోడల మధ్య నింపే జిప్సం, కాంక్రీటు వంటి పదార్థాల్లో నీరు కలిసి ఉంటుంది. మంటల్లో ఆవిరై లోపలి వస్తువులను కాపాడేది ఆ నీరే. మామూలు రోజుల్లో అదే కొద్దికొద్దిగా లోపలి గాలిని చెమ్మగిలేలా చేస్తుంది.

భర్మారు రోజుల నుంచి

తుపాకీ, తేమల గొడవ ఈ నేలకు కొత్త కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట తాలూకా ఒక ముఖ్య రంగస్థలం. కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం దళాలను నడిపారు. వడిసెలలు, కర్రలతో మొదలైన పోరాటం మూతి నుంచి మందు దట్టించే భర్మార్లకు, గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిళ్లకు ఎదిగింది. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించేదాకా వానాకాలాలన్నీ ఆ ఆయుధాలు చెట్ల కింద, గుట్టల్లో, గడ్డివాముల్లో గడిపాయి.

భర్మారుకు వాడే నల్ల తుపాకీమందు కాలాక గొట్టంలో మిగిలే మసి తేమను అయస్కాంతంలా లాగుతుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే మర్నాటికి గొట్టం ఎర్రబారుతుంది. పాత త్రీనాట్‌త్రీ తూటాల సంగతీ అంతే. వాటి అడుగునుండే క్యాప్‌లోని పేలుడు మందు కాలితే ఒకరకం ఉప్పు మిగిలేది. నూనెకు ఆ ఉప్పు కరగదు. అందుకే బ్రిటిష్ సైన్యంలో కాల్పుల తర్వాత గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోయించేవారు. వినడానికి విడ్డూరం. తుప్పు పట్టకుండా నీళ్లు పోయడమా? ఉప్పును కడగగలిగేది నీరే. వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోతుంది. ఆ తర్వాతే పుల్‌త్రూ తాడుకు గుడ్డ కట్టి లాగి, నూనె పట్టించేవారు. ఇప్పటి తూటాల్లో చాలావాటికి ఈ బెడద లేదు. పాత నిల్వలను మాత్రం నమ్మలేం.

ఇంకా వెనక్కి వెళ్తే విరాటపర్వం ఉంది. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలను మూటగట్టి జమ్మిచెట్టు కొమ్మల్లో దాచారు. నేలలో పాతిపెట్టలేదు. తడి నేలకు దూరంగా, గాలి ఆడే ఎత్తులో ఉంచారు. ఏడాది తర్వాత ఉత్తరుడు దింపి ఇచ్చిన గాండీవంతో అర్జునుడు నేరుగా యుద్ధానికి దిగాడు. దసరా నాడు జమ్మి ఆకు పంచుకునే మనం ఈ జాగ్రత్తను కూడా ఆ కథలోంచి తీసుకోవచ్చు. ఇనప్పెట్టెను గచ్చు మీద నేరుగా పెట్టకూడదు. బండలు చెమర్చే ఇళ్లలో పెట్టె అడుగు ముందుగా తింటుంది. రబ్బరు దిమ్మెల మీదో, చెక్కల మీదో ఎత్తి, గోడకు బెత్తెడు ఎడం ఉంచాలి. స్నానాల గది గోడకు, నెమ్మెక్కిన గోడకు అసలే ఆనించకూడదు.

స్టేషన్‌కు వెళ్లొచ్చిన తుపాకీ

ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే లైసెన్సు తుపాకులను స్టేషన్లలో డిపాజిట్ చేయమని పోలీసులు కోరడం రివాజు. 2023 అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల ప్రకటన, నవంబరు 30న పోలింగ్. ఊపిరి తీసుకునేలోపే 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఎనిమిది నెలల్లో రెండుసార్లు తుపాకులు ఇల్లు దాటాయి. రెండోసారి తిరిగొచ్చేసరికి తొలకరి మొదలైంది.

శాంతిభద్రతల దృష్ట్యా ఆ ఏర్పాటు అవసరమైనదే. స్టేషన్‌లో ప్రతి తుపాకీకి రోజూ నూనె రాసి పెట్టమని ఎవరినీ అడగలేం. కాబట్టి ఆ పని డిపాజిట్‌కు ముందే చేసుకోవాలి. గొట్టం లోపల, బయట పలచగా నూనె పట్టించాలి. తోలు ఒర, గుడ్డసంచి లేకుండా ఇవ్వాలి. నంబరుతో పాటు తుపాకీ స్థితి కనిపించేలా ఫొటో తీసుకోవాలి, రసీదు అడిగి తీసుకోవాలి. తిరిగి తెచ్చుకున్న రోజే శుభ్రం చేయాలి. రేపు చూద్దాంలే అని పెట్టెలో పెట్టేసిన తుపాకీలే దసరాకు ఎర్రబడతాయి.

ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

ముందు కొనాల్సింది నూనె కాదు, తేమ మీటరు. కొన్ని వందల రూపాయల్లో దొరికే అగ్గిపెట్టెంత డిజిటల్ మీటరు చాలు. అది నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే పరీక్షించొచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా తడిసేలా నాలుగు చుక్కల నీళ్లు కలపాలి. ఆ మూతను, మీటరును ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని జిప్ కవరులో పెట్టి రాత్రంతా ఉంచాలి. తెల్లారి మీటరు 75 శాతం చూపించాలి. తడి ఉప్పు మీది గాలిలో తేమ ఎప్పుడూ అంతే ఉంటుంది. మీటరు 70 చూపిస్తే ఐదు కలుపుకోవాలని గుర్తు. తర్వాత దాన్ని పెట్టెలో పెట్టి వారం రోజులు పొద్దున, రాత్రి అంకె రాసుకుంటే పెట్టె గుణం తెలిసిపోతుంది.

తేమ తగ్గించడానికి అందరికీ అందుబాటులో ఉన్నది సిలికా జెల్. అది తన బరువులో దాదాపు నాలుగో వంతు నీటిని పట్టుకోగలదు. అర ఘనపు మీటరు పెట్టెకు అరకిలో పెడితే మొదట్లో కర్ర, బనాతు తాగిన తడిని లాగడానికే సరిపోతుంది. రెండోసారి ఎండబెట్టి పెట్టినప్పుడే అంకె నిజంగా దిగుతుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ లవణం ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు రకం మేలు. తడిసిన జెల్‌ను 110 నుంచి 120 డిగ్రీల వేడిలో కొన్ని గంటలుంచితే మళ్లీ పనికొస్తుంది. ఎండలో పెడితే కొంతవరకే ఆరుతుంది. వంటగిన్నెల్లో మాత్రం వేయించొద్దు. ప్లగ్గులో పెట్టి ఆరబెట్టుకునే డబ్బాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. ఇంట్లో ఓవెన్ లేనివాళ్లకు అవే సుఖం.

కరెంటు సౌకర్యం ఉన్న పెట్టెల్లో సన్నని వేడి కడ్డీ మరో దారి. లోపలి గాలిని మూడు, నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు, 75 శాతం ఉన్న తేమ 60 శాతం ఛాయలకు దిగుతుంది. నీరు పోదు, కానీ వెచ్చని ఉక్కు మీద కూర్చోదు. కొందరు ఇదే ఆలోచనతో పెట్టెలో జీరో బల్బు వేలాడదీస్తారు. నూనెగుడ్డలు, కాగితాలు ఉన్న మూసిన పెట్టెలో వేడి బల్బు పెట్టడం నిప్పుతో ఆట. తూటాలు కూడా అక్కడే ఉంటే ఇక చెప్పేదేముంది? అసలు తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉండాలి. వాటినీ తేమ వదలదు. అట్ట తూటాలు ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటాయి, ఇత్తడి అడుగులకు కిలుము పడుతుంది. ఉబ్బిన తూటాను బలవంతంగా తోసి కాల్చే ప్రయత్నం వద్దు.

ఇక పనికిరానివి. బీరువాలో వేసే కలరా ఉండలు పురుగును తరుముతాయి, తేమను కాదు. తడిని లాగే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు బట్టల అలమరలకు సరే కానీ తుపాకీ పక్కన వద్దు. తేమ పీల్చి ఉప్పునీళ్లవుతాయి, ఒలికితే పెట్టెకూ తుపాకీకీ కలిపి చేటు. కాల్చిన సున్నమూ అంతే, దాని పొడి ఎగిరి ఉక్కు మీదా కర్ర మీదా పడుతుంది. మిర్యాలగూడలో బియ్యానికి కొదవ లేదు కాబట్టి గుడ్డలో బియ్యం మూటకట్టి పెట్టే అలవాటుకూ కొదవ లేదు. ఇక్కడ ఒక లెక్క చూడాలి. 14 శాతం తేమ ఉన్న బియ్యం సర్దుకునేది దాదాపు 70 శాతం తేమ ఉన్న గాలితో. అంటే పెట్టెలో తేమ అంతకంటే తక్కువుంటే బియ్యమే తిరిగి తేమ వదులుతుంది. ఉక్కుకు కావాల్సిన 50కి అది ఎన్నటికీ దించలేదు.

కొబ్బరినూనె సంగతి కూడా తేల్చేయాలి. చేతికి దొరికింది కదా అని రాస్తే కొన్ని నెలలకు జిగురు కట్టి, మడత దగ్గరా ట్రిగ్గర్ దగ్గరా పట్టేస్తుంది. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె నయం. డబ్ల్యూడీ-40 చాలామంది ఇళ్లలో ఉంటుంది. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో ఒక చిన్న సంస్థ అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా దాన్ని తయారు చేసింది. నీటిని తోసేయడానికి చేసిన నలభయ్యో ప్రయత్నం కాబట్టి ఆ పేరు. తడిసిన తుపాకీ మీది నీటిని తరమడానికి అది భేష్. నాలుగు నెలల కాపలాకు మాత్రం దాని పొర చాలదు. తుడిచేసి అసలు నూనె రాయాలి. ఏ నూనె అయినా పలచగానే. ఎక్కువ పోస్తే కర్రలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది.

దసరా ఆయుధపూజ గురించి ఒక్కమాట. పసుపు, కుంకుమ, గంధం నీళ్లతో కలిపి ఉక్కుకు అద్దుతాం. అక్షింతలు, పూలరేకులు సందుల్లోకి పోతాయి. పూజ భక్తిగా చేసుకోవాలి. సాయంత్రానికి పొడిగుడ్డతో, ఆ తర్వాత నూనెగుడ్డతో తుడవాలి. బొట్టును మళ్లీ దసరా దాకా ఉంచితే బొట్టు పోయినా కింద మచ్చ పోదు.

వరద వచ్చి వెళ్లాక

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు కోదాడ మరిచిపోలేనివి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కోదాడలో కాలనీలు మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. ఇళ్లలోకి వచ్చిన బురదనీళ్లు బీరువాల అడుగు అరల్లో నిలిచాయి.

అలాంటి నీళ్లలో మునిగిన తుపాకీకి గంటలే గడువు. ముందు తూటా లేదని చూసుకోవాలి. బురద ఎండకముందే మంచినీళ్లతో కడగాలి. గొట్టాల్లోకి పొడిగుడ్డ లాగి, నీటిని తోసే నూనె కొట్టి, కర్రను నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే కర్ర వంకర పోతుంది. విడదీయడం తెలియని భాగాల జోలికి పోకుండా లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు అప్పగించాలి. తడిసిన తూటాలను ఎండబెట్టి దాచుకోవద్దు, చెత్తలో వేయొద్దు. స్టేషన్‌లో చెప్పి అప్పగించాలి. పెట్టెతో సహా కొట్టుకుపోతే ఆ రోజే ఫిర్యాదు ఇవ్వాలి. పెట్టె తలుపు కొన్ని రోజులు తెరిచే ఉంచి, బనాతు పీకి పారేసి, లోపల పూర్తిగా ఆరిందని మీటరు చెప్పాకే తుపాకీని తిరిగి పెట్టాలి. ఈలోగా దాన్ని తలుపులు బార్లా తీసిన గదిలో ఉంచే హక్కు ఎవరికీ లేదు. డీలరు దగ్గరో, స్టేషన్‌లోనో ఉంచడమే దారి.

కార్తెల లెక్క తెలిసినవాళ్లకు ఏడాది పని గుర్తుపెట్టుకోవడం తేలిక. రోహిణిలో గాలి ఎండిపోయి ఉంటుంది, అప్పుడు సిలికా జెల్ తీసేసి తలుపు దగ్గరే కూర్చుని ఒక పూట పెట్టె ఆరనివ్వాలి. మృగశిరకు ఎండబెట్టిన జెల్ లోపలికి వెళ్లాలి. అక్కడి నుంచి స్వాతి దాకా నెలకోసారి మీటరు చూడాలి, తుపాకీ తుడవాలి, జెల్ మార్చాలి. పావుగంట పని.

ఇంత చేసేనాటికే ఆలస్యమైపోయి, తుపాకీ ఇక బాగుపడదని మరమ్మతుదారు చెబితే దాన్ని గోడకు అలంకారంగా తగిలించొద్దు, బావిలో పడేయొద్దు, పాత ఇనుము కింద అమ్మొద్దు. లైసెన్సులో నంబరు ఉన్నంతకాలం అది మీ బాధ్యతే. లైసెన్సు పుస్తకంతో సహా స్టేషన్‌కో, లైసెన్సు ఉన్న డీలరుకో అప్పగించి రసీదు తీసుకోండి. ఆ రసీదును ఇంట్లోవాళ్లకు తెలిసిన చోట దాచండి.